‘నేను’ అను ఎరుక – పశువులయందు, మానవులయందు

మా చిన్ననాడు మా యింటి వసారాలో స్తంభమునకు చిన్న అద్దమొకటి వ్రేలాడుచుండెడిది. వేసవి వచ్చినచో దూలముల సందున గూడు కట్టుకొన్న పిచ్చుక ఒకటి దినమెల్ల ఆ అద్దముపై వ్రాలి, తన ప్రతిబింబమును ముక్కుతో పొడుచుచుండెడిది. తన గూటిమీదికి మరియొక పిచ్చుక వచ్చినదని దాని భ్రమ. మా అమ్మ చూడలేక అద్దముపై తుండుగుడ్డ కప్పెడిది. “అది తానేనని దానికి తెలియదా?” అని ఒకనాడు నేనడిగితిని. మా నాన్నగారు గడ్డము గీసికొనుటకై ఆ గుడ్డ తొలగించుచు, “నీకు తెలియునా?” అని ఎదురు ప్రశ్న వేసిరి. “తెలియకేమి? అద్దములో ఉన్నది నేనే గదా” అంటిని. వారు నవ్వి ఊరకుండిరి.

ఆ నవ్వునకు అర్థము చాల సంవత్సరములకు గాని నాకు తెలియలేదు. ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయము గురుముఖమున విన్ననాడు ఆ పిచ్చుకయు, ఆ అద్దమును మరల కన్నులయెదుట నిలిచినవి. పశుపక్ష్యాదులకు ‘నేను’ అను ఎరుక కలదా, కలదేని అది మన ఎరుకవంటిదేనా అను ప్రశ్నను నేటి శాస్త్రజ్ఞులు అద్దము సాయముననే పరీక్షించుచున్నారు. ఉపనిషత్తులోని ప్రజాపతియు తన శిష్యులను ప్రతిబింబమును చూడుడనియే పంపెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి పరిశీలించుట ఈ వ్యాసమున మన పని.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. బాధ కలిగినపుడు బాధపడుట వేరు. ‘బాధపడుచున్నది నేను’ అని తెలియుట వేరు. మొదటిది పశువులకు కలదనుటలో మన పల్లెలలో ఎవ్వరికిని సందేహము లేదు. కాడి దించి ఎద్దు మెడ నిమురు రైతునడిగిన చాలును. పాశ్చాత్యదేశములలో మాత్రము దీనిపై చాలకాలము వాదము సాగినది. పదునేడవ శతాబ్దమున డెకార్ట్ అను తత్త్వవేత్త పశువులను యంత్రములతో పోల్చెను. ఆ భావము వదలుటకు వారికి మూడు శతాబ్దములు పట్టినది. 2012లో కేంబ్రిడ్జిలో కూడిన శాస్త్రజ్ఞులు చైతన్యమునకు ఆధారమైన నాడీవ్యవస్థ మానవునికి మాత్రమే పరిమితము కాదని ప్రకటించిరి. 2024 ఏప్రిల్‌లో న్యూయార్కునుండి వెలువడిన ప్రకటన, పక్షులకును క్షీరదములకును చేతనానుభవము కలదనుటకు బలమైన ఆధారములున్నవని పేర్కొన్నది. కనుక మొదటి ప్రశ్న దాదాపుగా తీరినట్లే. మిగిలినది రెండవది, కష్టతరమైనది.

ఈ విషయమున మన వాఙ్మయములోని ప్రాచీనమైన మాట ఐతరేయారణ్యకమునందున్నది. ద్వితీయారణ్యకమున ఋషి ఆత్మ యొక్క ఆవిష్కారమును మెట్లు మెట్లుగా వర్ణించినాడు. ఓషధులయందును వృక్షములయందును అది రసరూపమున మాత్రము కానవచ్చును. ప్రాణులయందు చిత్తముగా ప్రకాశించును. మానవునియందు అంతకంటె స్ఫుటముగా వెలుగును; ఏలయన వాడు తాను తెలిసికొన్నదానిని నోట చెప్పగలడు, రేపటిని గూర్చి ఆలోచింపగలడు, నశించు శరీరముతోనే నశింపనిదానిని కోరగలడు. తక్కిన పశువుల ఎరుక ఆకలిదప్పులతో ఆగిపోవునని ఆ ఋషి అభిప్రాయము. ఇట మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఆత్మ మానవునియందున్నది, పశువునందు లేదు అని ఋషి చెప్పలేదు. వెలుగుటలోనే తారతమ్యము చెప్పినాడు. వత్తి పెంచిన దీపమునకును తగ్గించిన దీపమునకును వెలుతురు భేదమే గాని నిప్పు భేదము లేదు గదా! అయితే ‘ఆకలిదప్పులతో ఆగిపోవును’ అను మాట ఎంతవరకు నిలుచునో చూడవలసియున్నది. ఋషివాక్యమును పరీక్షించుట అపచారమని కొందరు భావింతురు. మన భాష్యకారులు ఎన్నడును అట్లు భావింపలేదు.

ఇక అద్దము మాటకు వత్తము. 1838లో చార్లెస్ డార్విన్ లండను జంతుప్రదర్శనశాలలో జెన్నీ అను ఒరాంగుటాన్ కోతి అద్దమును చూచి విస్తుపోవుట గమనించి తన పుస్తకమున వ్రాసికొనెను. అది వేడుకగా చూచిన చూపు. దానినొక పరీక్షగా మలచినవాడు గోర్డన్ గాలప్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. 1970లో ప్రకటించిన వ్యాసమున ఆయన చింపాంజీలయెదుట 10 దినములు అద్దమునుంచిన విధమును వివరించెను. మొదటి రెండు మూడు దినములు అవి తమ ప్రతిబింబమును పరాయి చింపాంజీగా తలచి బెదరించినవి. మా పిచ్చుక వలెనే. పిదప వాటి నడవడి మారినది. అద్దములో చూచుకొని పండ్ల సందుల ఆహారమును తీసికొనసాగినవి. తమ కన్నులకు కానరాని అవయవములను పరిశీలించుకొనసాగినవి. అప్పుడు వాటికి మత్తునిచ్చి, స్పృహ లేని సమయమున కనుబొమపైనను చెవిమీదను వాసన లేని ఎఱ్ఱని రంగు పూసిరి. మెలకువ వచ్చిన పిదప అద్దము లేనంతసేపు ఆ మచ్చల జోలికి అవి అంతగా పోలేదు. అద్దము పెట్టగనే ప్రతిబింబము మీది మచ్చను కాక, తమ ముఖము మీది మచ్చనే తడిమి చూచుకొనినవి. అదే విధముగ పరీక్షింపబడిన చిన్నజాతి కోతులు ఆ పని చేయలేదు.

ఈ పరీక్షలో మానవశిశువు సాధారణముగా 18 నెలలకును 24 నెలలకును నడుమ నెగ్గును. అంతకుముందు మన పిల్లలును అద్దములోని బిడ్డను ఆడుకొనుటకు పిలుచువారే. పిమ్మట నెగ్గిన జంతువుల పట్టిక కొంత పెరిగినది: 2001లో డాల్ఫిన్ చేపలు (వాడుకలో చేపలనుచున్నాము గాని అవి పాలిచ్చు జంతువులే), 2008లో ఐరోపా దేశపు మాగ్‌పై అను కాకిజాతి పక్షి. 2019లో జపాను శాస్త్రజ్ఞులు పెద్ద చేపల శరీరమును శుభ్రపరచి బ్రతుకు ఒక చిరుచేపయు మచ్చను గుర్తించినదని ప్రకటింపగా పండితలోకమున పెద్ద చర్చ రేగినది. చేపకు సైతము ‘నేను’ కలదని అంగీకరింపవలెనా, లేక పరీక్షయే సరికాదని త్రోసిపుచ్చవలెనా అను సంకటములో వారు పడిరి.

వీటన్నిటిలో నన్ను ఆకర్షించినది ఏనుగుల కథ. 1989లో రెండు ఏనుగులకు అద్దము చూపగా అవి తమను గుర్తింపలేదు. ఏనుగునకు ఆత్మజ్ఞానము లేదని తేల్చిరి. 2006లో న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో ఇంచుమించు 8 అడుగుల పొడవును, అంతే వెడల్పును గల అద్దమును నిలిపి మరల పరీక్షించిరి. మాక్సిన్, పాటీ, హ్యాపీ అను మూడు ఆసియా ఏనుగులు దానియెదుట నిలిచినవి. తొండముతో అద్దము వెనుకకు తడిమి చూచినవి. నోట తొండముంచుకొని లోపలిభాగమును చూచుకొనినవి. హ్యాపీ కంటిపైన తెల్లని గుర్తు వేయగా, అది అద్దములో చూచుకొనుచు ఆ చోటునే పలుమారులు తొండముతో తాకినది. తక్కిన రెండును తాకలేదు. మరి వాటికి ‘నేను’ లేదనవలెనా? ఒడలంతయు దుమ్మును బురదను చల్లుకొని ఆనందించు జంతువునకు నుదుటి మీది చిన్న మచ్చ లెక్కలోనిదా? 1989లో చూపిన అద్దము ఏనుగునకు తగినంత పెద్దది కాదనియు 2006 నాటి శాస్త్రజ్ఞులు ఎత్తిచూపిరి. అనగా ఏనుగు ఓడిపోలేదు, అద్దము చాలలేదు.

పిమ్మట 2017లో థాయిలాండు ఏనుగులపై అద్దముతో పని లేని పరీక్ష యొకటి జరిగినది. చాపకు కట్టిన కర్రను ఎదుటి మనిషికందింపవలెను. కాని ఏనుగు ఆ చాపమీదనే నిలిచియున్నది. తన బరువే తనకు అడ్డమని తెలిసికొని చాప దిగినగాని పని జరుగదు. ఏనుగులు దిగి కర్రనందించినవి. ‘నా పనికి నేనే అడ్డు’ అని గ్రహించుట ఎంత దుర్లభమో సాధకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

హ్యాపీ కథ అంతటితో ముగియలేదు. తన్ను తానెరిగిన ప్రాణిని బంధించి ఉంచరాదని కొందరు న్యాయస్థానమునకెక్కిరి. 2022 జూన్‌లో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, ఆ ఏనుగు చట్టము చెప్పు ‘వ్యక్తి’ కాదని అయిదుగురు న్యాయమూర్తుల మొగ్గుతో, ఇరువురి భిన్నాభిప్రాయముతో తీర్పు చెప్పినది. ఆ తీర్పు తప్పొప్పులు నా పని కాదు. ఆ వాదమునకు ఊతగా అద్దము పరీక్ష నిలిచిన తీరు మాత్రము నన్ను ఆలోచింపజేసినది. అద్దములో గుర్తించిన ప్రాణికే విడుదల యన్నచో, ప్రక్కనున్న పాటీ గతి యేమి?

అద్దము చూపునకు మాత్రమే పరీక్ష. కుక్కకు లోకము వాసనలమయము. అది అద్దమును లక్ష్యపెట్టదు గాని, 2017లో జరిగిన పరిశోధనలో తన మూత్రము వాసనకు ఏదేని కలిపి మార్చినపుడు దానిని ఎక్కువసేపు మూర్కొనినది. కెన్యా దేశపు పల్లెలలోని పిల్లలను ఇట్లే పరీక్షింపగా ముఖము మీది గుర్తును తాకక బిగుసుకొని నిలిచినవారే అత్యధికులని 2011లో ప్రకటించిరి. ఆ పిల్లలకు తామెవరో తెలియదని బుద్ధిమంతుడెవ్వడును అనడు. పిల్లవాని విషయమున మనము పరీక్షను శంకింతుము. పశువు విషయమున పశువునే శంకింతుము. ఇది మన పక్షపాతము.

ఇపుడు ఉపనిషత్కథ. జరామరణములు లేని ఆత్మను తెలిసికొన్నవాడు సర్వకామములను పొందునని ప్రజాపతి పలుకగా దేవతలు విని ఇంద్రుని, అసురులు విని విరోచనుని ఆయనకడకు పంపిరి. ఇరువురును 32 సంవత్సరములు బ్రహ్మచర్యముననుండిరి. అప్పుడు ప్రజాపతి వారిని నీటిపాత్రలో తమ ప్రతిబింబమును చూచుకొనుడనెను. గోళ్ళు రోమములతో సహా తమ రూపము కనబడినదని వారనిరి. మంచి వస్త్రములు, ఆభరణములు ధరించి మరల చూడుడనెను. అలంకరించుకొన్న రూపమే కనబడినది. అదియే ఆత్మ యని ప్రజాపతి అనగా ఇరువురును సంతుష్టులై వెడలిరి. విరోచనుడు ఇంటికి చేరి, ఈ దేహమునే పూజింపవలెను, దీనినే సేవింపవలెనని అసురులకు బోధించెను. చచ్చినవాని శరీరమునకు బట్టలును నగలును తొడిగి పరలోకమును గెలిచితిమనుకొనుట ఆ మతమువారి లక్షణమని ఉపనిషత్తు చెప్పుచున్నది.

విరోచనుడు అద్దము పరీక్షలో నెగ్గినవాడు. మచ్చ పెట్టియుండినచో తప్పక తుడుచుకొనెడివాడు. మా నాన్నగారికి నేను చెప్పిన సమాధానము విరోచనుని సమాధానము. పిచ్చుక ప్రతిబింబమును పరాయిదనుకొన్నది. నేను ప్రతిబింబమునే నేననుకొంటిని. రెండింటిలో ఏది పెద్ద పొరపాటో ఇప్పటికిని నిశ్చయింపలేకున్నాను.

ఇంద్రుడు దారి నడుమ ఆగిపోయెను. శరీరము గ్రుడ్డిదైన ఈ ఆత్మయు గ్రుడ్డిదగును, శరీరము నశించిన ఇదియు నశించును. ఇందు నాకేమి లాభమని తలచి సమిధలు చేతబట్టి వెనుదిరిగెను. మరి 32 ఏండ్లకు ప్రజాపతి స్వప్నమున సంచరించువానిని చూపెను. దానియందును దోషము కనబడగా మరి 32 ఏండ్లకు గాఢనిద్రలోనివానిని చూపెను. అప్పుడు ఇంద్రుడు చేసిన ఆక్షేపణ మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైనది. నిద్రలో ‘ఇది నేను’ అని తన్ను తానెరుగడు, ఇతరులనెరుగడు, నశించినట్లే యుండును గదా అని ఆయన అడిగెను. ప్రజాపతి మరి 5 ఏండ్లుండుమనెను. 101 సంవత్సరములకు గాని ఆ పాఠము పూర్తికాలేదు.

ఆ ఆక్షేపణను మన ప్రశ్నకు అన్వయించి చూడుడు. ప్రతిరాత్రియు మనమందరము గాఢనిద్రలో ‘నేను’ అను తలంపు లేకయే యుందుము. ఆ సమయమున మనయందు ఆత్మ లేదని ఎవ్వడు చెప్పును? ‘సుఖముగా నిద్రించితిని’ అని లేచిన పిదప చెప్పుచునే యున్నాము. ‘నేను’ అను తలంపు లేకపోవుట ఆత్మ లేకపోవుట కాదని మన నిద్రయే సాక్ష్యమిచ్చుచుండగా, ఒక పశువు అద్దములో తన్ను గుర్తింపలేదు కావున దానియందు లోతైనదేదియు లేదనుట కూడని పని. గుర్తించుట అంతఃకరణ వ్యాపారము. అహంకారమను దాని వృత్తి. సాక్షి దానికి వెనుకనున్నాడు. అద్దమున కనబడువానిని తూచవచ్చును. చూచువానిని ఏ తక్కెడలో పెట్టుదుము?

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమునకు వ్రాసిన ఉపోద్ఘాతమున ఇంకను నిర్మొగమాటముగ మాటలాడిరి. కర్రనెత్తి వచ్చువానిని చూచి పశువు పారిపోవును. చేత పచ్చగడ్డి పట్టినవానిని చూచి దగ్గరకు వచ్చును. శాస్త్రములు చదివిన మానవుడును క్రూరదృష్టితో కత్తి దూసినవానిని చూచి తొలగును, అనుకూలునికడకు చేరును. వ్యవహారమున ఇరువురికిని భేదము లేదని వారి నిర్ణయము. ఇరువురును దేహమునే తాననుకొని మెలగుచున్నారు. శైవాగమములు జీవుని ‘పశువు’ అనియు, బంధమును ‘పాశము’ అనియు, ఈశ్వరుని ‘పతి’ యనియు పేర్కొన్నవి. ఆ పశుశబ్దములో నాలుగు కాళ్ళవారితోపాటు రెండు కాళ్ళవారును చేరియున్నారు.

దీనికి దృష్టాంతము మనకు దూరమున లేదు. శ్రీకాళహస్తి క్షేత్రకథ తెలియనివారు తెలుగునాట అరుదు. పాము లింగముపై మణులనుంచి పోవును. ఏనుగు వచ్చి, ఇవి ఎవ్వరో వేసిన రాళ్ళని తొలగించి, తొండముతో నీరు తెచ్చి అభిషేకించి బిల్వపత్రములుంచును. మరునాడు పాము వచ్చి, నా మణులను త్రోసి ఆకులు పోసినదెవరని ఆగ్రహించును. తుదకు పాము ఏనుగు తొండమున దూరుటయు, రెండును ప్రాణములు విడుచుటయు మనమెరిగినదే. దీనిని మనము పశువుల భక్తికి నిదర్శనముగ చెప్పుకొందుము, అది నిజము. కాని ఆ పశువులు పడిన చిక్కును గూడ చూడవలెను. ‘నా పూజ’ అనుటయే ఆ చిక్కు. పూజించువాడు ఒక్కడే, పూజ మాత్రము నాది, నీది యని రెండైనది. కథ చెప్పినవారు ఆ ప్రాణులకు ‘నేను’ లేదనుకొనలేదు; మనకున్నంతయు ఉన్నదనియే చెప్పిరి. దేవాలయములలో వరుసలకై త్రోపులాడుకొను మనకు ఆ కథ చెప్పుటలో వారికి వేరొక ఉద్దేశమును ఉండియుండవచ్చును.

గజేంద్రుని మాట కొందరు ఎత్తవచ్చును. భాగవతమున గజేంద్రుడు పూర్వజన్మమున ఇంద్రద్యుమ్నుడను రాజు, అగస్త్యశాపమున ఏనుగయ్యెను. ఆపదలో అతని నోట వెలువడిన స్తోత్రము ఆ జన్మలో నేర్చినదే. జడభరతుని కథయు అట్టిదే. తల్లి లేని లేడిపిల్లను సాకి, దానినే తలచుచు ప్రాణము విడిచి లేడిగ పుట్టిన భరతునికి పూర్వస్మృతి నిలిచియుండెను. కనుక ఈ కథలను చూపి ప్రతి లేడికిని ప్రతి ఏనుగునకును అట్టి వివేకము కలదనుట పొసగదు. వ్యాసుడు అట్లు చెప్పలేదు. ‘నేనెవడను?’ అని ప్రశ్నించుకొను సామర్థ్యము మానవజన్మకు విశేషమనియే ఆ కథల తాత్పర్యము. కాని భరతుని కథలో మరియొక సంగతి నన్ను వదలదు. రాజ్యమును విడిచి తపస్సు చేసినను లేని జాగరూకత అతనికి లేడి జన్మలో వచ్చినది. మరల ఏ ప్రాణితోను చెలిమి చేయక, ఎండుటాకులు తినుచు దేహపతనమునకై వేచియుండెను.

భగవాన్ రమణమహర్షి ఆశ్రమమున 1926లో దూడగ చేరిన లక్ష్మి అను ఆవు 1948 జూన్ 18న దేహము చాలించినది. సూరి నాగమ్మగారు తెలుగున వ్రాసిన ఆశ్రమ లేఖలు చదివినవారికి ఆమె చిరపరిచిత. మహర్షి చివరి ఘడియలలో దాని ప్రక్కన కూర్చుండిరి. ముక్తినొందినదని తమిళమున పద్యము వ్రాసిరి. జంతువులను ‘అది’ యనక, మనుష్యులను పిలిచినట్లే పిలుచుట వారి అలవాటని వారితో మెలగినవారు వ్రాసియున్నారు. మన తెలుగు వ్యాకరణమున ఈ చిక్కు వేరుగ నున్నది. ఏకవచనమున స్త్రీలను గూడ పశువులతోపాటు అమహత్తుల వరుసలో చేర్చి ‘వచ్చుచున్నది’ అనుచున్నాము. వ్యాకరణకర్తలు దీనికి ఏమి సమాధానము చెప్పినను, మా నాయనమ్మకు మాత్రము ఆ వరుసలో నిలుచుటకు అభ్యంతరము లేకుండెను. గేదెకును తనకును చాల భేదము కలదని ఆమె అనుకొనినట్లు తోచదు.

ఒక ఏడు ఆమె గేదెకు పుట్టిన దూడ పది దినములకే చనిపోయినది. గేదె చేపుట మానినది. ఇంట పసిబిడ్డలున్నారు, పాలు కావలెను. పాలేరు ఆ దూడ తోలులో వరిగడ్డి కూరి, కుట్టి, కర్రలపై నిలబెట్టి తెచ్చెను. పాలు పిదుకువేళ దానిని గేదె ముందు పట్టుకొనుట నా వంతు. గేదె దానిని నాకుచు చేపెడిది. నాకు నవ్వు వచ్చినది. “ఎంత వెఱ్ఱిది, నాయనమ్మా! గడ్డిని దూడ యనుకొనుచున్నది” అంటిని. ఆమె చెంబు క్రింద పెట్టి, “మీ మేనత్త పోయిననాడు దాని చీర ముఖమున కద్దుకొని నేనేడ్వలేదట్రా?” అనెను.

ఆరవనాడో ఏడవనాడో నాకి నాకి కుట్టు ఊడినది. గడ్డి బయటికి వచ్చెను. గేదె వాసన చూచి, కొంతసేపు కదలక నిలిచి, ఆ గడ్డిని మేయసాగెను. అది దూడను మరచెనో, తోలును తోలుగ తెలిసికొనెనో నాకు తెలియలేదు. ఈసారి నేను నవ్వలేదు. నాయనమ్మ నా చేతిలోని తోలును తీసికొని పెరటిలో కొబ్బరిచెట్టు మొదట గొయ్యి తీయించి పూడ్పించెను. ఆ పూట పాలు పిదుకవలదని పాలేరుతో చెప్పి, తవుడు కలిపిన కుడితి తొట్టి గేదె ముందుంచి, దాని మెడపై చేయివేసి చీకటిపడువరకు అక్కడనే కూర్చుండెను.